మాల్దీవుల్లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం వచ్చిందా? ముందు అన్ని కాగితాల్లో ఒకే పేరుందేమో చూడండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడేళ్లుగా హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నారు. ఎంఏ, బీఈడీ ఉన్నాయి. జీతం ఇరవై రెండు వేలు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు మాల్దీవుల్లో సెకండరీ ఇంగ్లిష్ టీచర్ పోస్టు ఉందన్నారు: నెలకు 14,000 రుఫియా (అక్కడి డబ్బు), వసతి ఫ్రీ. దానికి లక్షా ఇరవై వేలు అడిగారు. సగం డబ్బు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఈ శనివారానికల్లా ఇచ్చేయాలట. ఇంకోపక్క టెలిగ్రామ్‌లో ఒకతను బ్యాంకాక్‌లో 45,000 బాట్ల ఉద్యోగం, వీసా కూడా అక్కర్లేదు, టికెట్ మేమే పంపుతాం అంటున్నాడు. ఏది నమ్మాలి అన్నది మీ ప్రశ్న. నాలుగేళ్ల బాబును వెంట తీసుకెళ్లొచ్చా అని చివర్లో ఒక ముక్క రాశారు.

శనివారం సంగతి ముందు చెప్పేస్తాను. డబ్బు కట్టకండి, సర్టిఫికెట్లు ఇవ్వకండి. బ్యాంకాక్ అతనికి అసలు జవాబే ఇవ్వకండి, ఎందుకో కింద రాస్తాను. మాల్దీవుల ఉద్యోగం మాత్రం నిజమైందే కావచ్చు. అక్కడి బళ్లలో కేరళ, తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ టీచర్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. నేనూ 2012 నుంచి ఏడేళ్లు రెండు అటోల్స్‌లో, అంటే దీవుల గుంపుల్లో, చెప్పాను. తర్వాత నాలుగేళ్లు మస్కట్‌లో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో చేశాను. ఆ ఉద్యోగాలతోనే ఒంగోలులో ఇల్లు కట్టుకున్నాం, మా అమ్మాయిని చదివించాం. కాబట్టి వెళ్లొద్దని చెప్పడం లేదు. తెలుసుకుని వెళ్లమంటున్నాను.

మొదటిసారి నాకు జరిగింది చెబితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. అప్పుడు నేను కూడా ఒక ఏజెంటు ద్వారానే వెళ్లాను. ఆఫర్ లెటర్లో సెకండరీ ఇంగ్లిష్ అని ఉంది, కింద ఒక స్కూలు పేరుంది. రాజధాని మాలే ఎయిర్‌పోర్టులో దిగాక ఒకాయన వచ్చి, బోటు ఎక్కేముందు ఇంకో కాంట్రాక్టు నా చేతిలో పెట్టాడు. దాంట్లో ప్రైమరీ తరగతులు, జీతం మూడు వేల రుఫియా తక్కువ, యజమాని పేరు దగ్గర ఎప్పుడూ వినని ఒక కంపెనీ పేరు. చుట్టూ సముద్రం, చేతిలో రెండు సూట్‌కేసులు, ఊళ్లో ఏజెంటుకు అప్పు చేసి కట్టిన డబ్బు. సంతకం పెట్టేశాను. మూడో నెల జీతం ఆగింది. స్కూల్లో అడిగితే "మీకు జీతం ఇచ్చేది మేము కాదు, కంపెనీ" అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఫిర్యాదు చేద్దామని వెళ్తే, నేను చూపించిన ఆఫర్ లెటర్లోని స్కూలుకూ నా వర్క్ పర్మిట్‌కూ సంబంధమే లేదని తేలింది. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

అప్పటినుంచి నన్ను ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఆఫర్ లెటర్, కాంట్రాక్టు, వర్క్ పర్మిట్, నెలనెలా జీతం వేసే బ్యాంకు ఖాతా: ఈ నాలుగింట్లో యజమాని పేరు ఒకటే ఉండాలి. అక్షరం తేడా లేకుండా ఉండాలి. మీరు పాఠం చెప్పబోయే బడికీ ఆ పేరుకూ ఉన్న సంబంధం కాగితం మీద కనబడాలి. ప్రభుత్వ బడి అయితే విద్యాశాఖ పేరో, బడి పేరో ఉంటుంది. ప్రైవేటుదైతే ఆ బడిని నడిపే సంస్థ పేరు ఉంటుంది. మధ్యలో మూడో పేరు కనబడితే అది ఎవరిదో, మీ జీతానికి ఎవరు జవాబుదారీయో తేలేదాకా ముందుకెళ్లకండి. జీతం ఎంత, రూము ఎలా ఉంటుంది, సముద్రం కనబడుతుందా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

మీ కన్సల్టెన్సీ వాళ్లు మీకు ఇంతవరకు స్కూలు పేరే చెప్పలేదని రాశారు. "డబ్బు కట్టాక చెబుతాం, లేకపోతే మీరే నేరుగా అప్లై చేసుకుంటారు" అన్నారట. ఇక్కడే ఆగాలి. పేరు చెప్పని బడి గురించి మీరు ఏం వాకబు చేయగలరు?

కన్సల్టెన్సీ గురించి రెండు విషయాలు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ శాఖ వెబ్‌సైటు ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఎవరైనా చూడొచ్చు. అనుమతి లేకుండా పంపుతున్నారని ఫిర్యాదులు వచ్చిన వాళ్ల జాబితా కూడా అక్కడే ఉంటుంది. బోర్డు మీద ఉన్న పేరుతో కాకుండా లైసెన్సు నంబరు అడిగి, ఆ నంబరుతో వెతకండి. అడ్రసు కూడా సరిపోవాలి. ఇంకొకరి లైసెన్సు నంబరు తమదని చూపించేవాళ్లను నేను చూశాను. రెండోది, రిజిస్టర్ అయిన ఏజెంటు మీ దగ్గర సర్వీసు చార్జీగా తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. దానికి రశీదు ఇవ్వాలి. మిమ్మల్ని అడిగింది లక్షా ఇరవై వేలు. అందులో టికెట్ ఎంత, అటెస్టేషన్ ఎంత, మెడికల్ ఎంత, మీ చార్జీ ఎంత అని విడివిడిగా రాసిమ్మని అడగండి. రాసివ్వనంటే మీకు కావాల్సిన జవాబు అదే.

ఇంకో సంగతి మన టీచర్లలో చాలామందికి తెలియదు. పదో తరగతి దాటిన వాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశీ ఉద్యోగానికి వెళ్లేముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అక్కర్లేదు. గల్ఫ్‌కు కూలి పనికి వెళ్లే అన్న కాంట్రాక్టును ప్రభుత్వ అధికారి ఒకసారైనా చూస్తాడు. ఎంఏ బీఈడీ చదివిన మన కాంట్రాక్టును ఎవరూ చూడరు. పైగా ఆ క్లియరెన్స్ కావాల్సిన పద్దెనిమిది దేశాల జాబితాలో మాల్దీవులు లేనే లేదు. చదువుకున్నవాళ్లు తమ మంచిచెడ్డలు తామే చూసుకుంటారని దాని అర్థం. మనం చూసుకోకపోతే ఇంకెవరూ లేరు. ఇందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఏజెంట్ల దగ్గరికి వెళ్లేముందు ప్రభుత్వ సంస్థల్నీ ఒకసారి అడగండి. ఆంధ్రాకు ఓమ్‌క్యాప్ ఉంది, తెలంగాణకు టామ్‌కామ్ ఉంది. అన్నిసార్లూ టీచర్ పోస్టులు ఉండవు. కానీ ఫలానా ఏజెంటు గురించి ఏమైనా తెలుసా అని అడిగితే తప్పులేదు.

సరే, బడి పేరు చెప్పారనుకుందాం. అప్పుడు చేయాల్సింది ఏజెంటు ఇచ్చిన లెటర్ మీదున్న ఫోన్ నంబరుకు చేయడం కాదు. ఆ నంబరు ఎత్తేది కూడా అతని మనిషే కావచ్చు. మీరే వెతకండి. మాల్దీవుల్లో చిన్న చిన్న దీవుల బళ్లకు కూడా ఫేస్‌బుక్ పేజీలు ఉంటాయి. స్పోర్ట్స్ మీట్, టీచర్స్ డే, పరీక్షల నోటీసులు అన్నీ పెడతారు. టీచర్స్ డే ఫొటోల్లో మన ముఖాలు తప్పకుండా కనబడతాయి. కింద కామెంట్లలో పేర్లు ఉంటాయి. ఆ పేజీ నుంచి, లేదా విద్యాశాఖ వెబ్‌సైటు నుంచి, బడి ఈమెయిల్ తీసుకుని ప్రిన్సిపల్‌కు రాయండి. నాలుగు వాక్యాలు చాలు: నా పేరు ఇది, ఫలానా ఏజెన్సీ నాకు మీ బడిలో ఫలానా పోస్టు ఉందని చెప్పింది, ఇది నిజమేనా, మీ తరఫున మనుషుల్ని తీసుకోవడానికి వాళ్లకు అనుమతి ఉందా. నాకు తెలిసినంతలో నిజమైన బడి ఇలాంటి మెయిల్‌కు కోపం తెచ్చుకోదు. మధ్యలో మాయమయ్యే టీచర్లతో వాళ్లూ విసిగి ఉంటారు.

తర్వాత అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న ఒక మన టీచర్‌ను పట్టుకోండి. వెళ్లి వచ్చేసిన వాళ్లు కాదు, ఏజెంటు కలిపిన మనిషి అంతకన్నా కాదు. మాల్దీవుల తెలుగు టీచర్లకు వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. గుంటూరులో, ఒంగోలులో నలుగురిని అడిగితే ఎవరో ఒకరి తోడికోడలు, ఎవరో ఒకరి క్లాస్‌మేట్ అక్కడ ఉండే ఉంటారు. ఫోన్ చేసినప్పుడు "బావుందా అండీ?" అని అడగకండి. ఎవరైనా బావుందనే చెబుతారు. కిందటి నెల జీతం ఏ తారీఖున పడింది అని అడగండి. ఎవరి పేరుతో పడింది అని అడగండి. మీకన్నా ముందున్న ఇంగ్లిష్ టీచర్ ఎందుకు వెళ్లిపోయారు అని అడగండి. ఈ మూడో ప్రశ్నకు అవతలివాళ్లు కాసేపు ఆగితే, ఆ మౌనాన్ని కూడా వినండి. వారానికి ఎన్ని పీరియడ్లు, సాయంత్రం మళ్లీ రమ్మంటారా, సబ్‌స్టిట్యూషన్ ఎంత అన్నవి మన టీచర్లు అడక్కపోయినా చెప్పేస్తారు.

ఇంటర్వ్యూ గురించి మీరు ఏమీ రాయలేదు. అది జరగలేదనే అనుకుంటున్నాను. బడి వాళ్లెవరూ మీతో మాట్లాడకుండా, డెమో క్లాస్ అడగకుండా, మీ సబ్జెక్టులో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా "సెలెక్ట్ అయ్యారు" అనడం నాకు అన్నిటికన్నా ఎక్కువ అనుమానం కలిగించే విషయం. అక్కడ సెకండరీలో పిల్లలు కేంబ్రిడ్జ్ వాళ్ల పరీక్షలు రాస్తారు. మన పదో తరగతి పేపరులా గ్రామర్ బిట్లు, వ్యాసాల బట్టీ ఉండదు. లిజనింగ్ ఉంటుంది, స్పీకింగ్ ఉంటుంది, ఇచ్చిన సందర్భానికి సొంతంగా రాయాలి. మీకు అది చెప్పడం వచ్చా రాదా అని తెలుసుకోవాలనే ఆత్రుత ప్రిన్సిపల్‌కు ఉండాలి కదా. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ కావాలని మీరే అడగండి. కాల్‌లోకి వచ్చిన మనిషిని ఏ సిలబస్, ఏ పుస్తకాలు, ఒక సెక్షన్‌లో ఎంతమంది పిల్లలు అని అడగండి. బడిలో పనిచేసే మనిషి వెంటనే చెబుతాడు.

ఇక జీతం. 14,000 రుఫియా అంటే దాదాపు ఎనభై వేల రూపాయలు అని మీకు లెక్క చెప్పి ఉంటారు. లెక్కగా తప్పు కాదు. డాలరుకు 15.42 రుఫియా అన్న అధికారిక రేటు చాలా ఏళ్లుగా దాదాపు కదలకుండా ఉంది. ఆ రేటున మీ జీతం 900 డాలర్ల పైచిలుకు. చిక్కు ఎక్కడంటే, జీతం రుఫియాల్లో ఇస్తారు, ఇంటికి పంపాలంటే డాలర్లు కావాలి, డాలర్లకు అక్కడ ఎప్పుడూ కటకటే. బ్యాంకులు అధికారిక రేటున నెలకు ఇన్ని డాలర్లకు మించి పంపనివ్వవు. ఆ పరిమితి ఈ మధ్య కాలంలో బాగా బిగిసింది. మిగతా డబ్బు అక్కడే ఖాతాలో పడి ఉంటుంది. బయట డాలరు రేటు అధికారిక రేటు కన్నా చాలా ఎక్కువ, పైగా అది చట్టం ఒప్పుకునే దారి కాదు. నేనున్న రోజుల్లో కూడా ఇండియా వచ్చేముందు డాలర్ల కోసం మాలేలో రెండు రోజులు తిరిగిన సందర్భాలున్నాయి.

కాబట్టి మీ చేతికి వచ్చే జీతం ఎంత అని కాకుండా, నెలకు నరసరావుపేటకు ఎంత చేరుతుంది అని లెక్క వేయండి. అక్కడున్న టీచర్‌ను "మీరు కిందటి నెల ఇంటికి ఎంత పంపగలిగారు?" అని మొహమాటం లేకుండా అడగండి. ఇక్కడ మీకు నెలనెలా కట్టాల్సిన ఈఎంఐ ఉంటే ఈ ఒక్క ప్రశ్న మీదే నిర్ణయం ఆధారపడొచ్చు. జీతంలో కొంత భాగం డాలర్లలో ఇస్తారా, కాంట్రాక్టు చివర ఇచ్చేది ఏ కరెన్సీలో ఇస్తారు అన్నవి కూడా రాతలో ఉండాలి.

తిండి ఖర్చు తక్కువనుకోకండి. కూరగాయలు, పప్పులు, బియ్యం అన్నీ మాలే నుంచి బోటులో రావాలి. గాలివాన రోజుల్లో బోటు రాకపోతే దుకాణంలో ఉల్లిపాయలు కూడా ఉండవు. చేప మాత్రం ఎప్పుడూ తాజాగా, చవగ్గా దొరుకుతుంది. తినేవాళ్లయితే మీకు సగం బెంగ తీరుతుంది. వసతి ఫ్రీ అన్నారు కదా, రూము ఒక్కరికా, ఇద్దరికా, వంటగది ఉందా, కరెంటు నీళ్ల బిల్లు ఎవరు కడతారు అని అడగండి. ఏసీ వాడితే కరెంటు బిల్లు గట్టిగానే వస్తుంది.

వీసా దగ్గర మాత్రం ఒక్క అడుగు కూడా తగ్గకండి. మాల్దీవులకు మనవాళ్లు టూరిస్టుగా వెళ్తే 90 రోజుల వరకు ముందస్తు వీసా అక్కర్లేదు. ఈ సౌకర్యమే ఏజెంట్లకు వరమైంది. "ముందు టూరిస్టుగా దిగండి, వెళ్లాక వర్క్ పర్మిట్ చేయిస్తాం" అంటారు. అలా దిగిన రోజు నుంచి మీరు పాఠం చెబితే అది చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొట్టినా అడగడానికి మీకు హక్కు ఉండదు, దొరికితే పంపించేస్తారు. సక్రమంగా అయితే యజమాని ముందే అనుమతి తీసుకుని, మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు ఉన్న వర్క్ పర్మిట్ ఎంట్రీ పాస్ మీకు పంపిస్తాడు. ఆ కాగితం మీ చేతికి వచ్చాకే టికెట్. దాని మీద యజమాని పేరు ఆఫర్ లెటర్లోని పేరేనా, ఉద్యోగం దగ్గర టీచర్ అని ఉందా, ఇంకేదైనా రాశారా చూడండి. వర్క్ పర్మిట్ వివరాల్ని వాళ్ల ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ఎక్స్‌పాట్‌లో సరిచూసుకోవచ్చు. వెళ్లాక మెడికల్ టెస్టు ఉంటుంది, ఆ తర్వాత కార్డు వస్తుంది. వర్క్ పర్మిట్ కోసం ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుం యజమాని బాధ్యత. అతను కట్టడం మానేస్తే అక్రమంగా ఉన్నట్టు రికార్డులో పడేది మీ పేరు. అందుకే రెండు మూడు నెలలకోసారి మీ పర్మిట్ పరిస్థితి మీరే చూసుకుంటుండండి.

కాంట్రాక్టు ఇక్కడే, ఇంట్లో కూర్చుని, మీవారితో కలిసి చదివి సంతకం పెట్టాలి. యజమాని సంతకం ఉన్న ప్రతి మీ దగ్గర ఉండాలి. ఎయిర్‌పోర్టులో ఇంకో కాగితం పెడితే "నేను ఇప్పటికే సంతకం పెట్టినదే నాకు కావాలి" అని చెప్పడానికి అదొక్కటే ఆధారం. దాని ఫొటో మీ అమ్మగారి ఫోన్‌లో కూడా ఉంచండి. అక్కడి 2008 ఉపాధి చట్టం ప్రకారం ప్రొబేషన్ మూడు నెలలకు మించకూడదు, ఏడాది పనిచేశాక 30 రోజుల జీతంతో కూడిన సెలవు రావాలి. మీ కాంట్రాక్టులో ఆరు నెలల ప్రొబేషన్ అని ఉంటే రాసినవాడికి చట్టం తెలియదనో, మీకు తెలియదనుకున్నాడనో అర్థం. మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి అన్న లైను కోసం ప్రత్యేకంగా వెతకండి. రెండు నెలల నోటీసు అంటే సరే. మిగిలిన కాంట్రాక్టు కాలం జీతమంతా కట్టాలి అంటే సంతకం పెట్టకండి. వెళ్లే టికెట్, వచ్చే టికెట్ ఎవరివో, జబ్బు చేస్తే ఇన్సూరెన్సు ఎవరు తీసుకుంటారో రాసి ఉండాలి. ఆసంధ అన్న అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆ దేశ పౌరులకే, మనకు వర్తించదు.

సర్టిఫికెట్ల విషయం. మన దగ్గర ప్రైవేటు కాలేజీలు ఒరిజినల్స్ పెట్టుకోవడం అలవాటైపోయి, అడిగితే ఇచ్చేయడం మనకు తప్పుగా తోచదు. ఏజెంటుకు ఒరిజినల్స్ ఎందుకు? అటెస్టేషన్ కోసం అంటాడు. ఆ పని మీరే చేయించుకోవచ్చు. ముందు రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో డిగ్రీ నిజమైందని ధ్రువీకరించాలి, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారా హైదరాబాద్‌లోనే దరఖాస్తు ఇవ్వొచ్చు. వెళ్లే దేశాన్ని బట్టి ఆ తర్వాత ఎంబసీ ముద్ర కూడా అడుగుతారు. ఏది కావాలో బడినే అడిగి తెలుసుకోండి, లేకపోతే రెండుసార్లు డబ్బు పోతుంది. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో 500 రూపాయలకు వస్తుంది. దానికి కూడా మధ్యలో మనిషి అక్కర్లేదు. ఇప్పుడు చేస్తున్న స్కూల్లో ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చేదాకా వెళ్తున్నానని పది మందికీ చెప్పకండి. కొన్ని మేనేజ్‌మెంట్లు అక్కడే ఆపుతాయి. పాస్‌పోర్టు ఎవరికీ ఉంచుకోవడానికి ఇవ్వొద్దు. వీసా ముద్రకు ఇచ్చినా తిరిగి తీసుకోండి. అది మన ప్రభుత్వ ఆస్తి అని 1967 పాస్‌పోర్టుల చట్టంలోనే ఉంది. ఆ మాట అక్కడ గౌరవంగా, గట్టిగా చెప్పొచ్చు. నేను చెప్పాను, తిరిగిచ్చారు.

ఇప్పుడు బ్యాంకాక్. థాయ్‌లాండ్‌లో భారతీయ టీచర్లు లేకపోలేదు. కానీ దారి వేరు. ఉద్యోగానికి ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా ఉండాలి, బడి పేరుతో వర్క్ పర్మిట్ ఉండాలి, వాళ్ల టీచర్స్ కౌన్సిల్ అనుమతి ఉండాలి. ఇంగ్లిష్ మాతృభాష కాని దేశం వాళ్లమని మనల్ని టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో కనీసం 600 మార్కులు అడుగుతారు. 2023 నవంబరులో మనవాళ్లకు వీసా లేకుండా వచ్చే వీలిచ్చారు, అది పర్యాటకులకు. పాఠం చెప్పడానికి కాదు. పైగా అక్కడ అనుభవం లేని భారతీయ టీచర్‌కు 45,000 బాట్లు మామూలుగా ఇవ్వరు. ఏజెన్సీల ద్వారా బళ్లలో చేరే మనవాళ్లకు, ఫిలిప్పీన్స్ వాళ్లకు వచ్చేది అందులో సగం ఉంటే ఎక్కువ. అదీ చాలాచోట్ల పది నెలల కాంట్రాక్టే. మార్చి నుంచి మే వరకు బడి సెలవుల్లో జీతం ఉండదు. ఎప్పుడైనా నిజమైన థాయ్ అవకాశం వస్తే ఈ పది నెలల లెక్క మొదట అడగండి.

మీకు వచ్చిన మెసేజ్ గురించి నా భయం వేరే. బడి పేరు లేదు, ఇంటర్వ్యూ లేదు, వీసా లేదు, టికెట్ వాళ్లే పంపుతారు. ఇలా పిలిచిన వాళ్లను మోసగాళ్లు బ్యాంకాక్‌లో దింపి, కారులో ఐదువందల కిలోమీటర్ల దూరంలోని సరిహద్దు ఊరు మే సోట్ తీసుకెళ్లి, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీలో సైబర్ మోసాల శిబిరాల్లో పెట్టేస్తున్నారు. డేటా ఎంట్రీ అనీ, కస్టమర్ సపోర్ట్ అనీ చెప్పి తీసుకెళ్తారు. థాయ్‌లాండ్ పేరుతో వచ్చే ఈ దొంగ ఉద్యోగాల గురించి మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. 2024 మేలో మన విశాఖ పోలీసులు కంబోడియాకు ఇలాగే పిల్లల్ని పంపిన ఏజెంట్లను పట్టుకున్నారు. 2025 మార్చిలో ఐదువందల మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో మే సోట్ నుంచి తీసుకొచ్చారు. వాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. మీకు వచ్చింది కచ్చితంగా అదేనని నేను చెప్పలేను. కానీ దాని పోలికలన్నీ ఇందులో ఉన్నాయి. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ తర్వాత నంబరు బ్లాక్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, మీ ఊరి పోలీసులకు గానీ చెప్పండి.

దీవి జీవితం గురించి మీరు అడగలేదు, అయినా కొంచెం చెప్పాలి. చాలా దీవుల్లో జనాభా వెయ్యి లోపే. అరగంటలో దీవంతా చుట్టి రావొచ్చు. మొదటి నెల బాగుంటుంది, మూడో నెల గోడలు లేని గది అనిపిస్తుంది. మనుషులు చాలా మంచివాళ్లు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కింటి ముసలమ్మ వారం రోజులు గంజి కాచి పెట్టింది. అది పూర్తిగా ముస్లిం దేశం. విగ్రహాలు, మద్యం, పంది మాంసం తీసుకెళ్తే కస్టమ్స్‌లో ఆపేస్తారు. ఇంట్లో పూజ చేసుకునే చిన్న వినాయకుణ్ణి సూట్‌కేసులో పెట్టకండి. అమ్మ ప్రేమతో పెట్టినా తీసేయండి. విదేశీ ఆడవాళ్లు తల మీద గుడ్డ వేసుకోనక్కర్లేదు. కానీ పంజాబీ డ్రెస్సులు, పొడుగు చేతులు అయితే అందరికీ ఇబ్బంది లేకుండా ఉంటుంది. వారాంతం శుక్ర, శనివారాలు.

బాబు సంగతి. భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం మీద కుటుంబాన్ని తీసుకెళ్లే డిపెండెంట్ వీసా ఉంది. కానీ యజమాని ఒప్పుకోవాలి, వసతి దానికి తగ్గట్టు ఉండాలి. ఇది కూడా కాంట్రాక్టులోనో, కనీసం ప్రిన్సిపల్ మెయిల్‌లోనో ఉండాలి. ఆ దీవిలో విదేశీ టీచర్ల పిల్లల్ని ప్రీస్కూల్లో చేర్చుకుంటారా, ఫీజు ఎంత అని అడగండి. అక్కడి బళ్లలో ధివెహి భాష, ఇస్లాం పాఠ్యాంశాలుగా ఉంటాయి, మన పిల్లలకు ఆ పీరియడ్లలో ఏం చేస్తారో కూడా అడగండి. దీవిలో హెల్త్ సెంటర్ ఉంటుంది, పెద్ద డాక్టర్ ఉండరు. పిల్లవాడికి ఆయాసం, ఫిట్స్ లాంటివి ఉంటే అటోల్ హాస్పిటల్‌కు బోటులో ఎంతసేపు పడుతుందో తెలుసుకోకుండా తీసుకెళ్లకండి. అంతకన్నా పెద్ద జబ్బయితే మాలేలోని ఇందిరాగాంధీ మెమోరియల్ హాస్పిటలే దిక్కు.

మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. మా అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. ఏడాది తర్వాత వస్తే బస్టాండులో నన్ను "ఆంటీ" అంది. రెండో ఏడాది వెంట తీసుకెళ్లాను. అందుకని నా సలహా: మొదటి మూడు నెలలు మీరొక్కరే వెళ్లండి. జీతం, రూము, పర్మిట్ అన్నీ చెప్పినట్టే ఉంటే ప్రొబేషన్ అయ్యాక బాబును, వీలైతే మీవారిని పిలిపించుకోండి. మూడు నెలలు అని వాడికి క్యాలెండర్ మీద గీతలు గీసి చూపించి వెళ్లండి.

ఈ రాత్రి చేయాల్సిన పని ఒక్కటే. కన్సల్టెన్సీకి మెయిల్ రాయండి, ఫోన్ వద్దు. "బడి పేరు, దీవి పేరు, యజమాని పేరు, మీ లైసెన్సు నంబరు, డబ్బు వివరం రాతలో పంపండి, చూశాక శనివారం గురించి మాట్లాడదాం" అని. ఏం జవాబు వచ్చినా, పేర్లు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. కాంట్రాక్టు ఉంటే అదీ పెట్టండి, లైను లైను చదివి చెబుతాను.